బీరువా మీది దస్తగిరి

గుంటూరు బ్రాడీపేటలో దుకాణం మూసేశాక నాకు మిగిలింది ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మీటరు, అప్పుడప్పుడూ ఇంటికొచ్చే కుర్రకారు. ఇళ్లలో పాటలు వినే సెట్లు అమర్చడం, చెడిపోతే బాగుచేయడం నేను జీవితమంతా చేసిన పని. వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు. "మేడం, యాక్టివ్ క్రాసోవర్ కొన్నాం. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర విడగొట్టమంటారు?" ఒక అంకె చెబితే ఫోన్‌లో రాసుకుని వెళ్లిపోదామని వాళ్ల తొందర. నేను చెప్పను. కాఫీ పెట్టి ఇచ్చి, "వినేది ఎవరు?" అని అడుగుతాను. కాఫీ చల్లారేలోపు ఆ జవాబు చెప్పలేకపోతే అంకె ఇచ్చినా వాళ్లకు ఉపయోగం లేదు.

ఇప్పుడు నా చెవులు తగ్గుతున్నాయి. పోపులో ఆవాలు చిటపటలాడడం పక్కింట్లో మాదిరిగా వినిపిస్తోంది. పని మీద బెంగ మాత్రం తగ్గలేదు. ఎవరింట్లోనో గచ్చు మీద కూర్చుని, చుట్టూ వైర్లు పరుచుకుని, మొదటి పాట వచ్చే క్షణం కోసం కాచుకోవడం ఎంత బాగుండేదో. పొద్దున లేవగానే ఇవాళ ఎవరింటికి వెళ్లాలి అనుకుంటాను, ఎక్కడికీ లేదని గుర్తొస్తుంది. అందుకే రాస్తున్నాను.

మీ ఆయన లేరా అమ్మా?

రంగారావు గారి రేడియో దుకాణంలో నేను పనికి చేరినప్పుడు, సెట్టు చంకన పెట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ నన్ను దాటి బల్ల వెనక్కి తొంగిచూసేవాడు.

"మెకానిక్ గారు లేరా అమ్మా?"

"నేనేనండి."

"అబ్బే, మీరు కాదండి, రేడియో బాగుచేసేవాళ్లు."

పెళ్లయి నా సొంత దుకాణం పెట్టాక ప్రశ్న మారింది. "మీ ఆయన లేరా అమ్మా?" అనేవాళ్లు. "ఉన్నారండి, బ్యాంకులో ఉన్నారు. ఆయనకు ఫ్యూజు వేయడం కూడా రాదు. సెట్టు ఇలా ఇవ్వండి" అనేదాన్ని. మా ఆయన ఈ మాట చుట్టాలందరికీ చెప్పి నవ్వేవారు. ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకు నేను చెప్పేది ఇంతే. వాదన పెట్టుకోకండి, సెట్టు విప్పండి. పాట మొదలైతే వాళ్లే నోరు మూసుకుంటారు.

రంగారావు గారి చెవి

రంగారావు గారు పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. క్రాసోవర్ అంటే ఏమిటో నాకు మిరపకాయలతో చెప్పారు. పాటలో బొంగురు శబ్దాలు, మధ్యవి, సన్నవి కలగలిసి ఉంటాయి. పెద్ద స్పీకరుకు బొంగురు, నడిమిదానికి మధ్యవి, చిన్నదానికి సన్నం వెళ్లాలి. మామూలు సెట్లలో అంతా ఒకే యాంప్లిఫయరు గుండా దూసుకొచ్చాక స్పీకరు పెట్టెలో విడిపోతుంది. "అది లారీకి ఎత్తాక రంగుపోయిన తాలుకాయ ఏరడం అమ్మాయ్. యాక్టివ్ అయితే కల్లంలోనే ఏరి, దేని బస్తా దానికి కట్టి, దేని బండి దానికి పెడతావు" అనేవారు. అంటే శబ్దం బలం పుంజుకోకముందే ఈ క్రాసోవర్ డబ్బా విడదీస్తుంది. ఆ తర్వాత ఒక్కో ముక్కకు ఒక్కో యాంప్లిఫయరు, ఒక్కో స్పీకరు. దేన్ని ఎంత ఉంచాలో, ఎక్కడ గీత గీసి విడగొట్టాలో మీటలు మన చేతిలో ఉంటాయి. చేతిలో ఉన్నాయి కాబట్టే పాడుచేయడం కూడా సులువు. బొంగురు వైరు పొరపాటున సన్న స్పీకరుకు తగిలిస్తే అది క్షణంలో కాలిపోతుంది.

మా ఇద్దరికీ ఆ డబ్బాతో మొదటి పెద్ద పని గుంటూరులోనే ఒక పత్తి బ్రోకరు గారింట్లో. అమర్చాక ఆయన సోఫాలో వాలి, "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందండీ" అన్నారు. రంగారావు గారు కళ్లు మూసుకుని విన్నారు. లేచి వెళ్లి ఒక స్పీకరు వైర్లు పీకి అటుదిటు ఇటుదటు మార్చారు. అప్పటిదాకా గీత దగ్గర రెండు స్పీకర్లు ఒకదానికొకటి ఎదురు కొట్టుకుని, పాడేవాళ్ల గొంతు మధ్యలో గుంట పడింది. ఆ గుంటనే బ్రోకరు గారు శుభ్రం అనుకున్నారు.

"వాళ్లకు నచ్చింది కదండీ" అన్నాను బయటికొచ్చాక.

"నచ్చడం వాళ్ల పని. సరిగ్గా ఉండడం మన పని. రెండూ కలిపి చూడకు."

చెవి విషయంలో అంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. మనుషుల విషయంలో మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఏమీ లేదు. సెట్టు సరిచేసేటప్పుడు ఇంటివాళ్లను వీధిలోకి పంపేసేవారు. వాళ్ల మొహాలు చూస్తే చెవి చెడుతుందట. చాలా ఏళ్లు నేనూ అదే చేశాను. ఆ అలవాటు మాన్పించింది మౌలాలి గారు.

నన్ను తీసేసి వాణ్ణి ఉంచు

రంగారావు గారు పోయి అప్పటికే చాలా కాలమైంది. అదే బ్రోకరు గారింట్లో పెళ్లికి మౌలాలి గారు వచ్చారు. చీరాల పక్కన ఒక పల్లె ఆయనది. తాతల నాటి నుంచి నాదస్వరం వాళ్లది. నమాజు ఎంత నిష్ఠగా చేస్తారో, గుళ్లో స్వామి ఊరేగింపు ముందు అంత నిష్ఠగా వాయించే ఇల్లు. ఆ పెళ్లికి ఆయన వాయించడానికి రాలేదు. అప్పటికే మానేశారు. పాత మనిషి కదా అని పిలిచి హాల్లో కూర్చోబెట్టారు. బయట పందిట్లో ఇంకెవరో జోడీ వాయిస్తుంటే, లోపల ఆయన మూడు యాంప్లిఫయర్ల వంక చూస్తూ ఇవి దేనికని అడిగారట. "పాటను విడగొడతాయండి" అన్నారట ఇంట్లోవాళ్లు.

ఆ మాట పట్టుకుని మర్నాడు నా దుకాణానికి వచ్చారు. తెల్ల చొక్కా, తెల్ల గడ్డం, ఎండకు కమిలిన మొహం.

"అమ్మాయ్, పాటను విడగొట్టే డబ్బా పెట్టేది నువ్వేనా?"

"నేనేనండి. కూర్చోండి."

కూర్చోలేదు. జేబులోంచి క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టారు. "ఇందులో ఇద్దరం ఉన్నాం. నన్ను తీసేసి వాణ్ణి ఉంచు."

వాడు అంటే దస్తగిరి. మౌలాలి గారి పిన్నమ్మ కొడుకు. మీసాలు రాకముందు నుంచీ ఇద్దరూ జోడీ. దస్తగిరికి ఆయాసం వచ్చి, అది ముదిరి, పోయాడు. ఆ తర్వాత మౌలాలి గారు వేరేవాళ్లతో వాయించి చూశారు, కుదరలేదు.

"ఎందుకు కుదరదండీ?" అని అడిగాను.

"నాదస్వరం ఒకడి ఊపిరి మీద నిలవదమ్మా. నేను ఊపిరి తీసేటప్పుడు వాడు పట్టుకోవాలి, వాడు తీసేటప్పుడు నేను పట్టుకోవాలి. ఎవరు ఆపారో ఎవరు అందుకున్నారో వినేవాడికి తెలియకూడదు. అది చెప్పి నేర్పేది కాదు." మళ్లీ ఆయనే అన్నారు. "తమాషా ఏంటంటే, వాణ్ణి నేను ఎప్పుడూ వినలేదమ్మాయ్. పక్కనే వాయించాడు బతుకంతా. నా చెవి నిండా నా మోతే. ఊళ్లోవాళ్లందరూ విన్నారు వాణ్ణి, నేను తప్ప. ఒక్కసారి వినాలి."

నేను నిజం చెప్పాను. ఈ డబ్బా బొంగురును, సన్నాన్ని విడదీస్తుంది కానీ మనుషుల్ని విడదీయలేదన్నాను. పైగా ఆ క్యాసెట్ మంగళగిరి తిరునాళ్లలో ఎవరో ఒక్క మైకు పెట్టి పట్టింది. కుడి ఎడమలు కూడా లేవు, ఇద్దరూ ఒకే చోట ఉన్నారు.

"సన్నాన్ని విడదీస్తుందంటే మరి సరిపోయిందిగా. వాడి నాదం నాకంటే సన్నం."

"అలా కాదండీ..."

"నువ్వు పెట్టి చూడు. రాకపోతే నా ఖర్మ."

వద్దని ఉండాల్సింది అని మీరంటారు. ఆ గడ్డం, ఆ క్యాసెట్ పట్టుకున్న తీరు చూసి మీరు వద్దని ఉంటే, మీరు నాకంటే గట్టివాళ్లు.

మగ్గాలు ఆగిన వేళ

బ్రోకరు గారు కొత్త స్పీకర్లు కొనుక్కుని పాతవి మౌలాలి గారికి ఇచ్చేశారు. నేను దుకాణంలో ఉన్న క్రాసోవర్, యాంప్లిఫయర్లు సర్దుకుని తెనాలి మీదుగా రైల్లో వెళ్లాను. ఆయనది ఇరుకు ముందుగది. గోడకు గుడ్డ సంచిలో నాదస్వరం వేలాడుతోంది. ఇంటికి అటూ ఇటూ మరమగ్గాలు. ఆ మోతలో పక్కనున్న మనిషి మాటే వినపడదు, ఇంక స్పీకరు సంగతి చెప్పాలా. కరెంటు పోతే మగ్గాలు ఆగుతాయి, కానీ నా యాంప్లిఫయర్లు కూడా ఆగుతాయి. చివరికి నేతపనివాళ్లు అన్నాలకు లేచే వేళ దాకా ఆగాం.

పెద్ద పెట్టెలు నేల మీద పెట్టేసరికి గదిలో చోటు లేదు. "చిన్నవి ఆ బీరువా మీద పెట్టుకో అమ్మా, అక్కడున్నవి పాత బొంతలే" అన్నారు ఆయన భార్య ఖాజాబీ గారు. పెట్టాను. డబ్బా మీటలు బ్రోకరు గారింట్లో ఉన్న కొలతకే తిప్పి, ముందు డబ్బా, ఆ తర్వాత యాంప్లిఫయర్లు వేశాను. ఆ వరుస ఎప్పుడూ తప్పకండి. ఆర్పేటప్పుడు తలకిందులుగా, ముందు యాంప్లిఫయర్లు. క్యాసెట్ పెట్టాను.

ఆలాపన కింది స్వరాల్లో నేల మీది పెట్టెల్లోంచి మొదలైంది. మెల్లగా ఎక్కి ఎక్కి పై స్థాయి అందుకోగానే నాదం ఉన్నట్టుండి బీరువా మీదికి లేచి, పదునెక్కి, వేరే మనిషి వాయించినట్టు మారిపోయింది.

మౌలాలి గారు ఒక్కసారి లేచి నిలబడ్డారు. "అదిగో! అక్కడున్నాడు! ఖాజా, దస్తగిరి!"

నాకు వెంటనే తెలిసింది ఏం జరిగిందో. నేను గీత గీసిన చోటు సరిగ్గా నాదస్వరం తిరిగే దారి మధ్యలో పడింది. గీతకు కింది స్వరాలు నేలకు, పైవి బీరువాకు పోతున్నాయి. పై పెట్టెల మోత కూడా కాస్త ఎక్కువైంది. బీరువా మీద దస్తగిరి లేడు. ఇద్దరూ కలిసి పైకి ఎక్కినప్పుడల్లా అది అక్కడినుంచి వినిపిస్తోంది, అంతే. చెప్పబోయేలోగా పక్కింట్లో మగ్గాలు మొదలయ్యాయి. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నారు. ఆ మోతలో ఏం చెప్పను? సెలవు రోజు మళ్లీ వచ్చి సరిచేస్తానని అరిచి, రైలెక్కాను.

ఆ ప్రయాణమంతా రంగారావు గారితోనే పోట్లాట. నచ్చడం వాళ్ల పని, సరిగ్గా ఉండడం మన పని అంటారాయన. మీరు ఆ మొహం చూడలేదు సార్, మీరెప్పుడూ మొహాలు చూడలేదు అంటాను నేను.

పంపించేశావు

మగ్గాలకు సెలవు వచ్చిన రోజున వెళ్లేసరికి ఖాజాబీ గారు గుమ్మంలోనే నన్ను ఆపారు. ఆయన వీధిలో పోయేవాళ్లను పిలిచి మరీ వినిపిస్తున్నారట. మా దస్తగిరి బీరువా ఎక్కి కూర్చున్నాడని నవ్వుతున్నారట.

"అన్నం అడిగి పెట్టించుకుంటున్నారమ్మా. వాడు పోయాక ఇదే మొదలు. నువ్వేం సరిచేయకు. అలాగే ఉంచెయ్యి."

చేతిసంచి కింద పెట్టలేక, పట్టుకుని నిలబడలేక కాసేపు అక్కడే ఉండిపోయాను. ఉంచేస్తే ఎవరికీ నష్టం లేదు. ఆయన బతికినన్నాళ్లూ బీరువా వంక చూసి మురిసిపోతారు. కానీ ఆయన అడిగింది దస్తగిరిని వినాలని. వింటున్నది నా తప్పును. దానికి దస్తగిరి అని పేరు పెట్టుకున్నారు. అలా ఉంచేయడం నావల్ల కాలేదు.

లోపలికి వెళ్లి చెప్పేశాను. "పైనుంచి వచ్చేది దస్తగిరి గారు కాదండీ. మీరిద్దరూనూ."

"దస్తగిరిని నువ్వు నాకు చెబుతావా?" ఆయన గొంతు లేచింది.

"కింద వచ్చేది కూడా మీరిద్దరే. నా డబ్బాలో గీత తప్పుచోట పడింది. అందుకే ఒకే పాట రెండు చోట్ల వినిపిస్తోంది."

ఆయన బీరువా వంక చూస్తూ కూర్చున్నారు. ఖాజాబీ గారు నా వంక చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. చివరికి ఆయనే, "సరే, సరిచెయ్యి" అన్నారు.

మధ్య, సన్న స్పీకర్లున్న చిన్న పెట్టెలు దించి పెద్దవాటి మీద పెట్టాను. నాదస్వరం దిగే అట్టడుగు స్వరానికి కూడా కిందికి గీతను దించాను. నాదం మొత్తం మధ్య స్పీకరు ఒక్కదానిలోనే నిలిచింది. నేల పెట్టెలకు డోలు మోత మిగిలింది. ఒక్కోటీ విడివిడిగా మోగించి విన్నాను. సన్న స్పీకరు ఒక్కదాన్నే మోగిస్తే నాదస్వరం కొసన నోట పెట్టుకునే పీక మీద పెదవి ఒరిపిడి వినిపించింది. దాన్ని కొంచెం పైకి తెచ్చాను. తర్వాత మూడూ కలిపాను. నాకు తెలిసి నేను అంత బాగా అమర్చిన సెట్టు ఇంకోటి లేదు. తిరునాళ్ల గుంపు, మెట్ల మీద ఎవరో దగ్గడం, నడుమ డోలు, ముందు నాదస్వరం. ఒక్కటే నాదస్వరం.

ఆయన విన్నారు. "ఏం చేశావమ్మా" అన్నారు నెమ్మదిగా. "వాణ్ణి పంపించేశావు."

మీట

రంగారావు గారైతే అప్పుడు సంచి సర్దుకునేవారు. పని సరిగ్గా ఉంది, ఇంక మనకేం పని. నేను కదల్లేకపోయాను. క్యాసెట్ అలా తిరుగుతూనే ఉంది. నాకు ఆయన వంక చూడడం తప్ప వేరే పని లేకపోయింది.

ఆయన కళ్లు మూసుకున్నారు. మోకాళ్ల మీద వేళ్లు వాటంతట అవే కదులుతున్నాయి, తెరుస్తూ, మూస్తూ. బుగ్గలు లోపలికి పోయాయి. ఆయన వినడం లేదు, వాయిస్తున్నారు. ఆలాపన పై స్థాయిలో ఒక పొడుగు స్వరం మీద నిలబడింది. అది అలా సాగుతూ ఉండగానే ఆయన ఛాతీ ఒక్కసారి ఎగసింది. ముక్కుతో ఊపిరి లాక్కున్నారు. స్పీకరులో స్వరం తెగలేదు. రవ్వంత పలచబడింది, మళ్లీ నిండింది.

 క్యాసెట్ ఆపి కొంచెం వెనక్కి తిప్పాను. మళ్లీ అదే చోట, అదే తీరున ఊపిరి తీశారు.

"మౌలాలి గారూ, ఇప్పుడు మీరు ఊపిరి తీశారు."

"తీస్తాగా. అక్కడ నేను తీసుకోవాలి."

"ఆ రోజు తిరునాళ్లలో కూడా అక్కడే తీశారా?"

"ఎప్పుడూ అక్కడే. అక్కడ వాడు..." అని ఆగిపోయారు.

"మీరు ఊపిరి తీస్తుంటే పాట ఆగలేదు కదండీ. మరి అక్కడ వినిపించింది ఎవరు?"

ఆయన మళ్లీ పెట్టమని చెయ్యి ఊపారు. పెట్టాను. ఈసారి పొడుగు స్వరం వచ్చేసరికి ఊపిరి తీసి, వేళ్లు కదపడం మానేసి, తల కొంచెం పక్కకు వంచారు. ఎప్పుడూ దస్తగిరి కూర్చునే పక్క అనుకుంటాను. స్వరం పలచబడిన ఆ కాస్త మేర, తొణకకుండా, తొందరపడకుండా, ఒక్క మనిషి నిలబెట్టాడు. అంతలో మౌలాలి గారి నాదం వచ్చి కలిసింది, ఇద్దరూ ఒకటైపోయారు. గుమ్మంలో ఖాజాబీ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"కొంచెం వణుకుతాడు కదా చివర్లో" అన్నారాయన. "నాకు తెలియనే తెలియదు. నాకోసం ఆగడానికి కష్టపడేవాడన్నమాట."

నేనూ ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు. ఆ గదిలో నేల మీద కూర్చుని, వైర్ల మధ్య, ఇంకే పని చేసి ఉన్నా నాకు ఈ చోటు దొరికేది కాదు కదా అనుకున్నాను. ఇవాళ తెల్లారి లేచి నేను వెతుక్కునేది ఆ నేలనే.

క్యాసెట్ అయిపోయింది. ఆయన చాలాసేపు క్రాసోవర్ డబ్బా వంక చూశారు. వేలితో ఒక్కో మీటనూ తడిమారు, తిప్పకుండా.

"అమ్మాయ్, వాడొక్కడే ఉన్న ఆ చోటు కాస్త పొడుగు చేసే మీట ఏమన్నా ఉందా ఇందులో?"

"లేదండీ."

"సరే అయితే," అన్నారు, "మళ్లీ మొదటినుంచి పెట్టు."